అలారం మోగితే ఖాళీ చేతులతో బయటికి రండి



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు అడిగారు. నేను జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఆవర్తన పట్టిక మీదో, లవణ విశ్లేషణ మీదో రాస్తానని వారు అనుకుని ఉంటారు. అవి మీ పుస్తకాల్లో ఉన్నాయి. మీ మాస్టార్లు నాకన్నా బాగా చెబుతారు. ప్రయోగ పుస్తకం మొదటి పేజీలో "జాగ్రత్తలు" అన్న పేరుతో నాలుగు వాక్యాలు ఉంటాయి. అందరం తిప్పేసే పేజీ అది. పరీక్షలో దానికి మార్కులు లేవు. ఆ పేజీ గురించే ఈ పాఠం రాస్తున్నాను. దాన్ని నేనూ తిప్పేశాను. దాని ఖరీదు నేను చెల్లించలేదు, నా బదులు ఇంకొకరు చెల్లించారు.

ఆ రోజు ఏం జరిగింది?

ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో ప్రాజెక్టు పని కోసం నగరంలోని ఒక పరిశోధన సంస్థకు ఆరు నెలలు వెళ్ళాను. మా ప్రయోగశాల రెండో అంతస్తులో ఉండేది. వరండా కప్పుకు సాసరంత తెల్లని డబ్బా ఒకటి బిగించి ఉండేది. అందులో చిన్న ఎర్ర దీపం మినుకుమంటూ ఉండేది. అది పొగ అలారం అని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆ నెలలోనే అది రెండుసార్లు ఊరికే మోగింది. అందరం కిందికి దిగడం, నవ్వుకుంటూ మళ్ళీ పైకెక్కడం జరిగింది.

మూడోసారి మోగినప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ. పక్క గదిలో ఎవరో ఆయిల్ బాత్‌ను హాట్ ప్లేట్ మీద పెట్టి భోజనానికి వెళ్ళారు. వేడి అదుపు తప్పింది. నూనె పొగలు కక్కి అంటుకుంది. మంట పక్కనున్న రబ్బరు గొట్టాలకు, ప్లాస్టిక్ ట్రేలకు పాకింది. మాకు ఇవేవీ తెలియవు. "మళ్ళీ మొదలెట్టిందిరా" అనుకుంటూ మెట్లు దిగి వేపచెట్టు కింద నిలబడ్డాం.

అప్పుడు గుర్తొచ్చింది, నా సంచి పైన ఉండిపోయిందని. ఆ రోజు అందులో స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం తెచ్చిన ఒరిజినల్స్ అన్నీ ఉన్నాయి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం. ఆ కాగితాల కోసం మా నాన్న ఎన్ని రోజులు కూలి పోగొట్టుకుని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగాడో నాకు తెలుసు. మంట కనబడటం లేదు కదా, ఒక్క నిమిషం పని కదా అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా వెనక మెట్ల మీదుగా పైకి వెళ్ళాను.

వెళ్ళేటప్పుడు పొగ కప్పు దగ్గర మాత్రమే ఉంది. సంచి అందుకుని వెనక్కి తిరిగేసరికి తల దాకా దిగింది. వరండాలోకి వచ్చేసరికి నడుము దాకా వచ్చింది. నాలుగు నెలలుగా రోజూ నడిచిన వరండాలో మెట్లు ఏ పక్కన ఉన్నాయో తెలియలేదు. కళ్ళు మండిపోయాయి. గోడ పట్టుకుని దగ్గుతూ కూలబడ్డాను.

కింద మా సారు మనుషుల్ని లెక్కపెడుతున్నారు. ఒకరు తక్కువయ్యారు. ఆ లెక్క విని మా అటెండరు పైకి పరుగెత్తాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నా దగ్గు వినపడిన వైపు నేల మీద పాక్కుంటూ వచ్చి, చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ మెట్ల దాకా తీసుకొచ్చాడు. నాకు ఒక రాత్రి ఆసుపత్రిలో గడిచింది. ఆయనకు వారం పట్టింది. ఆ తర్వాత కూడా మెట్లెక్కితే ఆయాసం, చలికాలం వస్తే దగ్గు ఆయన్ని వదల్లేదు.

ఆసుపత్రిలో చూడటానికి వెళితే నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నీ కాగితాలు దొరికాయా బాబూ?" అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకు తల ఎత్తి జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ పాఠం.

మంటకన్నా ముందు పొగ

అగ్నిప్రమాదం అనగానే మనకు మంటే కళ్ళముందు కనిపిస్తుంది. కానీ భవనాల్లో జరిగే అగ్నిప్రమాదాల్లో చాలామంది ప్రాణాలు తీసేది మంట కాదు, పొగ. దీనికి కారణం మీరు చదివిన రసాయన శాస్త్రంలోనే ఉంది.

గాలి చాలినంత అందితే కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మూసి ఉన్న గదిలో గాలి చాలదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అంటే ఊపిరి పీలుస్తూనే ఉంటాం, శరీరానికి ఆక్సిజన్ మాత్రం అందదు. మొదట తలనొప్పి, తర్వాత తికమక, ఆ తర్వాత స్పృహ తప్పడం. తెలిసిన వరండాలో నాకు దారి తెలియకపోవడానికి చీకటి ఒక్కటే కారణం కాదు.

తడి గుడ్డ ముక్కుకు కట్టుకుంటే ఏమీ కాదని చాలామంది నమ్ముతారు. తడి గుడ్డ మసిని కొంత ఆపుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. బయటికి వచ్చే దారిలో గుడ్డ ఉంటే మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని లోపలికి మాత్రం వెళ్ళకూడదు.

వేడి పొగ పైకి పోతుంది. కాబట్టి కాస్త మంచి గాలి నేలకు దగ్గరగా మిగిలి ఉంటుంది. పొగలో నిలబడి పరుగెత్తకుండా వంగి లేదా పాకి రావాలి అనడానికి కారణం ఇదే.

అలారం ఎలా పసిగడుతుంది?

పూరింటి కప్పు చిల్లులోంచి ఎండపొడ పడితే అందులో దుమ్ము కణాలు మెరుస్తాయి. ఆ మెరుపును టిండాల్ ప్రభావం అంటారు. ఒక రకం పొగ అలారం ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. డబ్బా లోపల చిన్న దీపం, దాని కాంతి నేరుగా పడని పక్కన ఒక కాంతి గ్రాహకం ఉంటాయి. పొగ కణాలు లోపలికి వస్తే కాంతి వాటిమీద పడి చెదిరి గ్రాహకాన్ని తాకుతుంది. వెంటనే అలారం మోగుతుంది. నిదానంగా రాజుకుంటూ దట్టంగా పొగ వదిలే మంటల్ని ఇది తొందరగా పట్టుకుంటుంది.

రెండో రకంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక మూలకం అతి కొద్దిగా ఉంటుంది. దాని ఆల్ఫా కణాలు డబ్బాలోని గాలిని అయనీకరిస్తాయి. అందువల్ల రెండు పలకల మధ్య స్వల్పంగా విద్యుత్తు ప్రవహిస్తుంది. పొగ కణాలు ఆ అయాన్లను పట్టుకుంటే ప్రవాహం తగ్గుతుంది. తగ్గగానే అలారం మోగుతుంది. భగ్గున లేచే మంటల్ని ఈ రకం తొందరగా పట్టుకుంటుంది.

ఆవిరికి, దుమ్ముకు, లోపల దూరిన పురుగుకు కూడా అలారం మోగవచ్చు. అది ఊరికే మోగిందో, నిజంగా మోగిందో గదిలో కూర్చుని తేల్చే శక్తి మనకు లేదు. పదిసార్లు ఊరికే మెట్లు దిగితే పోయేది పది నిమిషాలు. పదకొండోసారి దిగకపోతే పోయేది వేరు. "నాన్నా పులి" కథలో తప్పు అబ్బాయిది. కానీ పులి వచ్చిన రోజు నష్టపోయింది కూడా ఆ అబ్బాయే కదా! అలారం విషయంలో ఆ అబ్బాయి స్థానంలో మనమే ఉంటాం.

మంట పుట్టకుండా: ప్రయోగశాల జాగ్రత్తలు

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ప్రతి జాగ్రత్త వెనుక ఒక కారణం ఉంది. కారణం తెలిస్తే జాగ్రత్త గుర్తుంటుంది.

1. స్పిరిట్ దీపం వెలుగుతుండగా అందులో స్పిరిట్ పోయకూడదు. ఒక దీపంతో ఇంకొక దీపాన్ని వంచి వెలిగించకూడదు. ఆల్కహాల్ సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. మన ఊళ్ళలో ఏ కాలంలోనైనా గది వేడి దానికన్నా ఎక్కువే. పైగా దాని నీలి మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు. దీపాన్ని నోటితో ఊదకుండా మూత పెట్టి ఆర్పాలి.

2. ఈథర్ ఉన్న బల్ల మీద మంట ఉండకూడదు. ఈథర్ అణుభారం 74, గాలి సగటు అణుభారం సుమారు 29. అంటే దాని ఆవిరి గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. అది బల్ల మీదుగా, నేల మీదుగా పాకి దూరంలో ఉన్న బర్నర్‌ను కూడా చేరుతుంది. సీసా ఇక్కడ ఉంది, మంట అక్కడ ఉంది కదా అనే ధీమా పనికిరాదు.

3. ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా కలపాలి. ఆమ్లంలో నీరు పోయకూడదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటితో కలిసినప్పుడు చాలా వేడి పుడుతుంది. పైన పడ్డ నీరు ఒక్కసారిగా మరిగి ఆమ్లంతో సహా ముఖం మీదికి చిమ్ముతుంది.

4. సోడియంను కిరోసిన్‌లో ఉంచుతారు. దాన్ని కోసిన ముక్కలు, తుడిచిన ఫిల్టర్ కాగితాలు సింకులో గాని, చెత్తబుట్టలో గాని వేయకూడదు. నీరు తగిలితే హైడ్రోజన్ పుడుతుంది, అంటుకుంటుంది. సోడియం మంట మీద నీళ్ళు కాదు, పొడి ఇసుక వేయాలి.

5. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారుచేసే కిప్ పరికరం గాలి బాగా ఆడే చోట ఉండాలి. కుళ్ళిన గుడ్డు వాసన తగ్గిపోయిందంటే వాయువు పోయిందని అనుకోకూడదు. ఎక్కువ మోతాదులో అది ముక్కుకు వాసన తెలిసే శక్తినే పోగొడుతుంది.

6. పిపెట్‌ను నోటితో పీల్చకూడదు, రబ్బరు బల్బు వాడాలి. పరీక్షనాళికను వేడిచేసేటప్పుడు దాని మూతి ఎవరి వైపూ ఉండకూడదు.

7. బట్టలు నూలువైతే మేలు. నైలాన్, పాలియెస్టర్ మండితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. తరగతిలోని ఆడపిల్లలు జడ, చున్నీ వెనక్కి కట్టుకోవాలి. కాళ్ళకు హవాయి చెప్పులు కాకుండా బూట్లు ఉండాలి. మనలో చాలామందికి ఉండేవి హవాయి చెప్పులే అని నాకు తెలుసు, నేనూ వాటితోనే చదివాను. బూట్లు ఉంటే వాటిని పరేడ్‌కు, పరీక్షకు దాచుకోకుండా ప్రాక్టికల్ రోజున తొడుక్కోండి.

8. వేడి చేస్తున్నదాన్ని వదిలి భోజనానికి వెళ్ళకూడదు. నా కథంతా ఈ ఒక్క తప్పుతోనే మొదలైంది.

9. స్టూళ్ళు, సంచులు నడిచే దారిలో పెట్టకూడదు. ప్రయోగశాలకు రెండు తలుపులుంటే రెండూ తెరిచి ఉన్నాయో లేదో పని మొదలుపెట్టేముందే చూసుకోవాలి.

అలారం మోగాక: ఒక్కొక్క అడుగు

మొదటి అడుగు: చేయి చాచితే అందేంత దూరంలో ఉంటే బర్నర్, స్విచ్ ఆపండి. అందకపోతే వదిలేయండి. చేతిలోని సీసా బల్ల మీద పెట్టండి.

రెండో అడుగు: వస్తువులేవీ వెతక్కండి. రికార్డు, సంచి, చెప్పులు, సెల్‌ఫోను, చివరికి సర్టిఫికెట్లు కూడా. ఖాళీ చేతులు పక్కవాణ్ణి పట్టుకోవడానికి, తలుపు తీయడానికి పనికొస్తాయి.

మూడో అడుగు: మూసి ఉన్న తలుపును తీసేముందు చేతి వెనుక వైపుతో తాకి చూడండి. వేడిగా ఉంటే తీయవద్దు, ఇంకో దారి చూడండి. గదిలో ఎవరూ లేరని తెలిశాక బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేయండి, గడియ పెట్టవద్దు. మూసిన తలుపు పొగను, మంటను కొంతసేపు ఆపుతుంది.

నాలుగో అడుగు: మెట్ల మీదుగానే దిగండి, లిఫ్టు ఎక్కవద్దు. కరెంటు పోతే లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. పరుగెత్తకుండా గోడ పక్కగా వేగంగా నడవండి. ఒకడు మెట్ల మీద పడితే వెనకున్న వందమందికి దారి మూసుకుపోతుంది.

ఐదో అడుగు: దారంతా పొగ ఉంటే, దిగే వీలు లేకపోతే, కిటికీ ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోండి. తలుపు కింది సందును తడి బట్టలతో కూరండి. కిటికీ దగ్గర నిలబడి గుడ్డ ఊపుతూ కేకలు వేయండి. బాత్‌రూములో దాక్కోవద్దు. అక్కడ గాలి ఉండదు, వెతికేవారికి మీరు కనబడరు.

ఆరో అడుగు: ముందుగా అనుకున్న చోటికి చేరి మీ వరుసలో నిలబడండి. పేరు పిలిస్తే పలకండి. ఎవరైనా లేరని తెలిస్తే పెద్దలకు, అగ్నిమాపక సిబ్బందికి చెప్పండి. మీరు మాత్రం వెనక్కి వెళ్ళవద్దు.

మంట ఆర్పే సిలిండరు మాటేమిటి? ముందు అందరికీ తెలియజేసి ఉండాలి. మంట చెత్తబుట్టంత చిన్నదై ఉండాలి. బయటి తలుపు మీ వెనక ఉండాలి. అది వాడటం మీకు వచ్చి ఉండాలి. ఈ నాలుగూ ఉంటేనే దాన్ని ముట్టుకోండి. పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. చిన్న సిలిండరు అర నిమిషం లోపే ఖాళీ అవుతుంది. అప్పటికీ మంట ఆరకపోతే బయటికి వచ్చేయాలి. నూనె మంట మీద, కరెంటు మంట మీద నీళ్ళు పోయకూడదు.

బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. ఉన్నచోటే ఆగి, నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. పక్కవారు మందపాటి దుప్పటి కప్పాలి.

కాలిన చోట ధారగా పడే మామూలు నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచాలి. పేస్టు, సిరా, దోసెల పిండి, మంచుగడ్డ పెట్టకూడదు. కంట్లో ఆమ్లం పడితే కనీసం 15 నిమిషాలు కనురెప్పలు విప్పి నీటితో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

హాజరు పట్టీ కూడా ప్రాణరక్షకమే

తమ్ముళ్ళూ, ఇది మన హాస్టల్ వాళ్ళకే ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. రాత్రి హాజరు పిలిచేటప్పుడు సినిమాకు వెళ్ళినవాడి బదులు ఇంకొకడు "ప్రెజెంట్ సార్" అనడం మనకు కొత్త కాదు. నేనూ పలికాను, నా బదులు పలికించుకున్నాను కూడా. స్నేహధర్మం అనుకున్నాం.

అదే రాత్రి నిప్పంటుకుందనుకోండి. హాజరు పట్టీలో 96 మంది ఉంటారు, బయట 95 మందే తేలతారు. ఆ ఒక్కడి కోసం ఎవరో ఒకరు పొగలోకి వెళతారు. మన కామాటి వెళతాడు, వాచ్‌మన్ వెళతాడు, లేదా ఫైర్ సిబ్బందిలో ఇంటి దగ్గర పిల్లలున్న ఒక తండ్రి వెళతాడు. లేని పిల్లవాడి కోసం ఉన్న మనిషి ప్రాణం పణంగా పెడతాడు. సెలవు చీటీ రాయకుండా ఇంటికి వెళ్ళినా ఇంతే. దీనికి తలకిందులుగా కూడా జరగొచ్చు. జ్వరంతో పడుకుని హాజరుకు లేవనివాడు పట్టీలో ఉండడు. వాడు లోపలే ఉన్నాడని ఎవరికీ తెలియదు.

ఆ రోజు మా సారు లెక్క సరిగా పెట్టబట్టే నేను ఈ పాఠం రాస్తున్నాను. నేను చెప్పకుండా వెళ్ళబట్టే ఒక పెద్దాయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. లెక్కలో నిలబడటం మన వంతు. ఆ లెక్కను చెడగొట్టకుండా ఉండటం కూడా మన వంతే.

మరచిపోకూడని మూడు తేదీలు

2004 జులై 16. తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే చోట పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకుంది. కప్పు పైఅంతస్తులో చదువుకుంటున్న పిల్లల మీద పడింది. దిగడానికి ఉన్న మెట్లు ఇరుకు. 94 మంది చిన్నారులు చనిపోయారు. ఈ ఘటన తర్వాత దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెబుతూ, విద్యాహక్కు అంటే సురక్షితమైన బడిలో చదివే హక్కు కూడా అని స్పష్టం చేసింది. బడుల్లో మంటలార్పే పరికరాలు పెట్టాలని, వాటిని వాడటం సిబ్బందికి నేర్పాలని ఆదేశించింది. కాబట్టి హాస్టల్లో సిలిండరు కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

2019 మే 24. గుజరాత్‌లోని సూరత్‌లో ఒక వాణిజ్య భవనం పైఅంతస్తులో కోచింగ్ తరగతులు జరుగుతుండగా మంటలు లేచాయి. కిందికి దారి లేక పిల్లలు కిటికీల్లోంచి దూకారు. 22 మంది విద్యార్థులు చనిపోయారు.

2023 మార్చి 16. మన సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్. సాయంత్రం వేళ మంటలు వచ్చాయి. ఐదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం నగరానికి వచ్చిన పిల్లలు వాళ్ళు. రేపు చదువు ముగించుకుని మీరూ అలాంటి భవనాల్లోనే మొదటి ఉద్యోగానికి చేరతారు. అందుకే ఈ పాఠం ప్రయోగశాల దగ్గర ఆగదు.

ఈ మూడు చోట్లా మన కంటికి కనబడేది ఒక్కటే. చనిపోయినవాళ్ళలో నిప్పు పెట్టినవారు లేరు. బయటికి దారి అందనివారే ఉన్నారు.

మన హాస్టల్లో ఏం చేయాలి?

కొన్ని హాస్టళ్ళలో పొగ అలారం ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. లేని చోట భోజనం గంటే అలారం. ఆగి ఆగి కొడితే భోజనం, ఆపకుండా కొడితే నిప్పు అని అందరూ ముందే అనుకోవాలి. గంట అందకపోతే కంచం మీద గరిటెతో ఆపకుండా కొట్టండి.

రాత్రిపూట గ్రిల్ గేటుకు తాళం వేస్తారు. దొంగల భయం ఉంటుంది కాబట్టి వేయాల్సిందే. తాళంచెవి మాత్రం వాచ్‌మన్ జేబులో ఒకటి, వార్డెన్ సారు చెప్పిన తెలిసిన చోట ఇంకొకటి ఉండాలి. కిటికీలకు ఊచలు ఉంటాయి కాబట్టి మనకు తలుపే దిక్కు. వెనక గుమ్మానికి అడ్డంగా పాత మంచాలు, ట్రంకు పెట్టెలు పేర్చి ఉంటే ఈ ఆదివారమే తీసేయండి.

వంటగదిలో గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకండి, ఆపకండి. రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే నిలుస్తుంది. కాబట్టి కిటికీతో పాటు తలుపు కూడా తీయండి. వీలైతే రెగ్యులేటర్ కట్టేసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. దోమల చక్రాన్ని దుప్పటికి దూరంగా పెట్టండి. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తిని ట్రంకు పెట్టె మీద అంటించి చదువుతూ నిద్రపోవద్దు. ఒకే ప్లగ్గుకు ఐదు ఛార్జర్లు తగిలించవద్దు.

మంటలు వస్తే 101 లేదా 112కు, గాయపడితే 108కి ఫోన్ చేయాలి. ఫోన్‌లో ముందు ఊరు, వీధి, గుర్తు చెప్పండి, తర్వాత ఏమైందో చెప్పండి. వాళ్ళు పెట్టేయమనే దాకా పెట్టేయకండి.

ఇక సర్టిఫికెట్లు. మన బాధ నాకు తెలుసు కాబట్టి "వదిలేయండి" అని ఊరికే చెప్పి తప్పించుకోను. ఈ రోజే మూడు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒక సెట్టు ఇంట్లో ఉంచండి. ఇప్పుడు డిజిలాకర్ ఉంది, అందులో దొరికేవి అందులో పెట్టుకోండి. ఒరిజినల్స్ అవసరమైన రోజు తప్ప సంచిలో పెట్టుకుని తిరగవద్దు. పోయిన మెమోకు బోర్డు డూప్లికేట్ ఇస్తుంది. కుల ధ్రువీకరణ పత్రం మళ్ళీ తీసుకోవచ్చు. తిప్పట తప్పదు, అయినా కాగితం మళ్ళీ పుడుతుంది. మీకోసం పొగలోకి వచ్చిన మనిషి మళ్ళీ పుట్టడు.

చదివాక జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలు

1. మీ మంచం నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులు దాటాలి? కళ్ళు మూసుకుని వెళ్ళగలరా?

2. రాత్రి గేటు తాళంచెవి ఎక్కడుంటుంది?

3. నిప్పు గంట మోగితే అందరూ చేరాల్సిన చోటు ఏది? అక్కడ లెక్క ఎవరు చూస్తారు?

4. మీ గదిలో కాలు విరిగినవాడు, జ్వరంతో ఉన్నవాడు, కొత్తగా చేరిన చిన్నవాడు ఉంటే వాణ్ణి పట్టుకుని దింపే ఇద్దరు ఎవరు?

5. పొగలో వంగి ఎందుకు నడవాలి? కార్బన్ మోనాక్సైడ్‌ను తడి గుడ్డ ఎందుకు ఆపలేదు?

చివరి ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరుకుతుంది. మొదటి నాలుగింటికీ జవాబు హాస్టల్లోనే వెతకాలి. అందరూ కలిసి, వార్డెన్ సారును, వంటవారిని, వాచ్‌మన్‌ను కూడా పిలుచుకుని, నెలకొకసారి గంట కొట్టి దిగి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో బోర్డు మీద రాయండి. కబడ్డీ పోటీలో పక్క హాస్టల్‌తో పందెం కాస్తాం కదా, ఇందులో కూడా కాయండి.

మా అటెండరు పెద్దాయన ఇప్పుడు లేడు. చివరిదాకా పండక్కొకసారి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ప్రతిసారీ నా ఉద్యోగం గురించి, పిల్లల గురించి అడిగేవాడు, ఆ రోజు గురించి మాత్రం ఎత్తేవాడు కాదు. ఏటా మొదటి ప్రాక్టికల్ క్లాసులో నేను ఒక్క రసాయనం కూడా ముట్టుకోనివ్వను. పిల్లల్ని ఖాళీ చేతులతో మెట్లు దింపి, చెట్టు కింద నిలబెట్టి, పేరు పేరునా లెక్కపెడతాను. లెక్క సరిపోయిందాకా నాకు స్థిమితం ఉండదు.

మీరు కూడా ఎక్కడున్నా ఆ లెక్కలో ఉండాలని, చల్లగా చదువుకుని పైకి రావాలని కోరుకుంటూ,

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి